చర్చ: జానపద మ్యూజియంలు ఎలా పుట్టాయి? దక్షిణచిత్ర, జానపద లోక, మన దగ్గరివి – చూసినవాళ్లు చెప్పండి

చూరుకింద:
ఈమధ్య చెన్నై వెళ్లినప్పుడు ముట్టుకాడులోని దక్షిణచిత్ర చూశాను. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, ఊరికి దాదాపు 25 కిలోమీటర్లు. దక్షిణాది పాత ఇళ్లు పది ఎకరాల్లో వీధులు వీధులుగా ఉంటాయి. తమిళ అగ్రహారం, చెట్టినాడు వర్తకుడి ఇల్లు, కేరళ చెక్క ఇళ్లు దాటి లోపలికి వెళితే మన ఉత్తరాంధ్ర చుట్టిల్లు కనిపించింది. మా అమ్మమ్మ వాళ్ల ఊరిలో ఇలాంటివి వరసగా ఉండేవి. ఇప్పుడు అక్కడ ఒక్కటీ లేదు.

దాని చరిత్ర కొంత చదివాను. అమెరికాలో పుట్టి చెన్నైలో స్థిరపడిన డెబోరా త్యాగరాజన్ 1984లో మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ పెట్టారు. చెట్టినాడులో పెద్ద పెద్ద మేడలను పడగొట్టి, టేకు స్తంభాలు, చెక్కిన తలుపులు విడివిడిగా అమ్మేస్తున్న రోజులవి. కూల్చబోయే ఇల్లు కొని, భాగాలుగా విప్పి, తెచ్చి మళ్లీ నిలబెట్టాలన్నది ఆలోచన. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ప్లాను గీశారు, ఆయన దారిలో నడిచిన బెన్నీ కురియాకోస్ కట్టించారు. జనానికి తలుపులు తెరిచింది 1996 డిసెంబరులో. అంటే సంస్థ పెట్టాక పన్నెండేళ్లు పట్టింది!

మన దగ్గర ఇంత పట్టుదలగా జరిగిన పని ఏముంది? మీరు చూసినవి, మీకు తెలిసిన చరిత్ర రాయండి.

నల్లగొండ మగ్గం:
అక్కా, అక్కడ మా వైపు ఇల్లు కూడా ఉంది, చూశారా? కొయ్యలగూడెం నేతన్న ఇల్లు. చౌటుప్పల్ పక్కన ఉంటుంది ఆ ఊరు. అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పోచంపల్లి అంటే అందరికీ తెలుసు గానీ ఇక్కత్ నేసే ఊళ్లు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటిలో ఒక ఊరి ఇల్లు సముద్రం ఒడ్డున ఇలా నిలబడటం నాకైతే చాలా గొప్పగా అనిపించింది.

ఒక్క మాట. చూడటానికి వచ్చినవాళ్లంతా మగ్గం దగ్గర ఆగి ఫోటో దిగుతారు. మగ్గానికి ముందు జరిగే పని ఎవరి కంటా పడదు. మా ఇళ్లల్లో ఆసు పోయడం ఆడవాళ్ల పని. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చెక్క ముందు కూర్చుని, ఒక్కో మేకు చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి. ఒక్క చీరకే కొన్ని వేల సార్లు. సాయంత్రానికి భుజం పైకి లేవదు. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఈ బాధ చూడలేకే ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. నేత ఇంటి చరిత్ర చెప్పే ఏ మ్యూజియమైనా పాత ఆసునూ ఆ యంత్రాన్నీ పక్కపక్కన పెట్టాలని నా కోరిక. ఇంట్లో సగం కష్టం అక్కడే ఉంది.

తాటితోపు:
చుట్టిల్లు గురించి నేను చెప్తాను, మాది ఆ తీరమే. గుండ్రటి మట్టి గోడ, దాని మీద గోపురంలా తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే లోపలికి వంగి వెళ్లాలి. తుపాను గాలికి తగలడానికి మూల ఉండదు, గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాలి చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి ఉండటం వల్ల కప్పు కిందికి గాలి దూరి ఎత్తేయలేదు. లోపల అటక ఉంటుంది, గింజలు, సామాను దాని మీదే.

ఇళ్లు విప్పి తేవడం గురించి చెప్పారు కదా, అది కేరళ చెక్క ఇళ్లకు బాగా కుదిరే పని. దూలానికీ దూలానికీ గుర్తులు వేసి, ఊడదీసి, లారీ ఎక్కించి, మళ్లీ బిగించొచ్చు. మట్టి గోడను ఎలా ఎక్కిస్తారు? దక్షిణచిత్రలో ఉన్నది విశాఖ వైపు హరిపురం ఇళ్ల తీరులో కట్టినది. అలాంటప్పుడు కాపాడాల్సింది కట్టే చేతుల్ని. మట్టి ఎంత తొక్కాలి, ఒక వరస ఎన్నాళ్లు ఆరాక రెండోది ఎత్తాలి, తాటాకు ఎటు నుంచి ఎటు కుట్టాలి, ఇదంతా తెలిసినవాళ్లు ఉంటేనే కొన్నేళ్లకోసారి కప్పు మార్చగలరు. మా ఊళ్లో ఇప్పుడు తాటాకు కుట్టే మనిషి దొరకడమే కష్టం.

మైసూరు రోడ్డు:
బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు దగ్గర్లోనే ఇంకోటుంది: రామనగర దగ్గర జానపద లోక. మైసూరు వెళ్లే దారిలో, ఓ గంటన్నర ప్రయాణం. చాలామంది ఆ వైపు వెళ్తూ వస్తూ ఉంటారు గానీ దీని లోపలికి వెళ్లరు.

దాన్ని పెట్టింది హెచ్.ఎల్. నాగేగౌడ, ఐఏఎస్ అధికారి. ఉద్యోగంలో ఊళ్లు తిరుగుతూ పాటలూ వస్తువులూ సేకరించడం మొదలుపెట్టారు. 1979లో కర్ణాటక జానపద పరిషత్తు, 1994లో ఈ జానపద లోక. రిటైరయ్యాక మొత్తం జీవితం దీనికే పెట్టారు, 2005లో పోయేవరకూ. లోకమాత మందిరంలో వంటింటి సామాను, గింజలు దాచే పాత్రలు, తిరగళ్లు ఉంటాయి. లోకమహల్‌లో తోలుబొమ్మలు, యక్షగానం వేషాలు. ఆయగార మాళ అని ఊరి చేతివృత్తులవాళ్ల పనిముట్లకు విడిగా చోటు ఉంది. నాకు బాగా నచ్చింది అదే. రాజుల కత్తులు, డాళ్లు చూసీ చూసీ ఉన్నవాళ్లకి, కుమ్మరి సారెనూ కమ్మరి కొలిమి తిత్తినీ అంత మర్యాదగా నిలబెట్టడం చూస్తే కళ్లు చెమరుస్తాయి.

మైసూరులో యూనివర్సిటీ వాళ్ల జానపద మ్యూజియం దీనికంటే పాతది, 1968 నాటిది. జయలక్ష్మీ విలాస్ అనే రాజకుమారి మేడలో ఉంటుంది. ఊరి జనం వస్తువులు రాజభవనం లోపల!

పాతకాగితాలు:
మంచి చర్చ. కొంచెం వెనక్కి వెళ్తాను. ఇళ్లను విప్పి తెచ్చి ఆరుబయట నిలబెట్టడమనే పద్ధతికి మూలం స్వీడన్‌లోని స్కాన్సెన్. ఆర్తుర్ హాజెలియుస్ 1891లో స్టాక్‌హోమ్‌లో తెరిచాడు. ఫ్యాక్టరీలు వచ్చి పల్లెల జీవితం మారిపోతున్న కాలం అది. మన దేశంలోనూ అదే వరస: మార్పు వేగంగా వచ్చినప్పుడే ఎవరో ఒకరు భయపడి సేకరణ మొదలుపెడతారు. బెంగాల్‌లో గురుసదయ్ దత్ అనే ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు ఐఏఎస్ లాంటిది) అధికారి జిల్లాలు తిరుగుతూ కాంథాలు (పాత బట్టల పొరల మీద బొమ్మలు కుట్టిన బొంతలు), పటచిత్రాలు, మట్టిబొమ్మలు సేకరించారు. ఆయన 1941లో పోయాక ఆ సేకరణ కలకత్తా దగ్గర జోకాలో మ్యూజియం అయింది. రాజస్థాన్‌లో దేవీలాల్ సామర్ 1952లో ఉదయపూర్‌లో భారతీయ లోక్ కళా మండల్ పెట్టారు. నాగేగౌడ గారిదీ గురుసదయ్ గారిదీ ఒకే దారి చూడండి, ఇద్దరూ ఊరూరా తిరగక తప్పని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే.

మరి మన దగ్గర? సేకరణ జరగలేదనడం అన్యాయం. నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలు పోగుచేశారు. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి విశ్వవిద్యాలయాల్లో ఆ చదువుకు పునాది వేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, వరంగల్‌లో దాని జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. కానీ నా ఉద్దేశం ఇది: మనవాళ్లు ముందు పాటని, కథని, సామెతని పట్టుకున్నారు. పాట పుస్తకంలోకి ఎక్కింది, ఆ పాట పాడుతూ దంచిన రోకలి చూరులో చెదలు పట్టింది. మనది సాహిత్యం వైపు నుంచి వచ్చిన జానపదం. కర్ణాటకలో రెండూ కలిసి నడిచాయి.

గిరిజనుల వస్తువుల విషయంలో మనం కొంత మెరుగు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం ఉంది, అరకులో ఒకటి ఉంది. మైదానంలోని రైతు, చాకలి, మంగలి, కుమ్మరి ఇళ్ల సామానుకే పెద్ద నీడ లేదు. జయధీర్ తిరుమలరావు గారు దశాబ్దాల పాటు జానపద, గిరిజన వాద్యాలు సేకరించి ఆద్యకళ పేరుతో ప్రదర్శించారు. ఒక్క మనిషి పూనుకుంటే ఎంత అవుతుందో చూడాలంటే అది చూడాలి.

ఎర్రమట్టి:
అందరూ మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం ఒక బాధ ఉంది. చుట్టిల్లు చెన్నై దగ్గర, నేతన్న ఇల్లు చెన్నై దగ్గర. టికెట్ కొనుక్కుని చూసేది పట్నం వాళ్లు. హరిపురం పిల్లలు ఎప్పుడు చూస్తారు? వస్తువు ఊరు దాటితే దాని చుట్టూ ఉన్న మాట కూడా పోతుంది.

మా ప్రాంతంలో ఒక చిన్న మ్యూజియంలో జడ్డిగం కింద "చెక్క పాత్ర" అని రాసి పెట్టారు. దాని అడుగున వరసగా రంధ్రాలున్నాయి. ఆ రంధ్రాల్లో వెదురు గొట్టాలు బిగించి, పై నుంచి గింజలు వదులుతుంటే గొర్రు గీసిన సాళ్లలోకి సమానంగా పడతాయి. గింజ వదిలే చేతికి లెక్క తెలియాలి, కొంచెం తడబడితే ఒక సాలు ఒత్తుగా, ఒక సాలు పలచగా మొలుస్తుంది. మా నాయనమ్మ చెయ్యి అందులో పేరు పడ్డది. ఆ చీటీ రాసినవాళ్లు పక్క వీధిలో ఏ ముసలాయన్ని అడిగినా చెప్పేవాడు.

చూరుకింద:
మీ బాధ అర్థమైందండి. కానీ ఆ చుట్టిల్లు అక్కడ కట్టకపోతే నేనసలు దాని గురించి ఇంత ఆలోచించేదాన్నే కాదు. ఊళ్లోనే ఉండాలన్నది నిజం, ఊళ్లో ఎవరూ ఉంచలేదన్నదీ నిజం. పక్కా ఇల్లు కోరుకున్న జనాన్ని తప్పు పట్టలేం కదా, తాటాకు ఇంట్లో నిప్పు భయం అనుభవించినవాళ్లకే తెలుసు.

నిమ్మలబొమ్మ:
అన్ని వస్తువులూ దాచడానికి పుట్టలేదు, ఇది కూడా చర్చకు రావాలి. మా వైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లున్నారు. ఆడి ఆడి పాతబడిన బొమ్మను పారేయరు, మనిషికి చేసినట్టు మర్యాద చేసి నీళ్లలో వదులుతారు. చేర్యాల పటాలకూ అదే ఆచారం ఉండేదని విన్నాను. అందుకే పాత పటాలు అంత అరుదు. ఆ పటం గోడకు వేలాడేసే బొమ్మ కాదు, ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పేవాళ్లు మూరలు మూరలుగా విప్పుతూ పాడే కథ.

ఇంకో సంగతి. తోలుబొమ్మను అద్దాల పెట్టెలో పెట్టి ముందు నుంచి లైటు వేస్తే అది చచ్చిన తోలులా, నల్లగా కనిపిస్తుంది. వెనక దీపం పెట్టండి! ఎరుపు, ఆకుపచ్చ ఒక్కసారిగా వెలుగుతాయి, నగల దగ్గర పొడిచిన సన్నటి చిల్లుల్లోంచి వెలుతురు వస్తుంది. హనుమంతుడి తోక మీద ఎన్ని చిల్లులో అప్పుడు తెలుస్తుంది. మ్యూజియం వాళ్లకు ఈ ఒక్క మార్పు పెద్ద ఖర్చు కాదు.

కొత్తకుంచం:
అందరికీ నమస్కారం. మా తాతగారి ఇల్లు ఈ ఏడాది అమ్మేస్తున్నారు. అటక మీద కుంచం, తవ్వ, సోల, పాత ఉట్టి, కవ్వం, గొర్రు, రెండు తిరగళ్లు ఉన్నాయి. ఇనప సామాను వాడికి వేసేద్దామంటున్నారు. ఏం చేయమంటారు? టెన్షన్‌గా ఉంది.

పాతకాగితాలు:
ముందు దేన్నీ కదపకండి. ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీయండి, ఏది ఏ మూలన ఉండేదో అదే ముఖ్యం. చింతపండు పెట్టి తోమడాలు, వార్నిష్ కొట్టడాలు వద్దు. అరిగిన చోటే ఆ వస్తువు ఎలా వాడారో చెబుతుంది. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి: ఏమంటారు, ఎవరు చేశారు, దేనికి వాడేవారు, ఎప్పుడు మానేశారు.

ఎర్రమట్టి:
కుంచం, తవ్వల కొలత కూడా చూడండమ్మా, ఊరికో లెక్క ఉండేది. బియ్యం పోసి ఎన్ని కిలోలు పడుతుందో రాసుకోండి. గొర్రుకి జడ్డిగం ఉందేమో అటక మీద బాగా వెతకండి, గొట్టాలు విడిగా ఎక్కడో పడి ఉంటాయి. ఎవరికివ్వాలో తేలేదాకా మీ ఊరి బడిలో ఒక గది అడిగి చూడండి, పిల్లలైనా చూస్తారు.

కొత్తకుంచం:
బడి మాట బాగుంది, హెడ్మాస్టరు గారు మాకు తెలిసినవారే. ఆదివారం మా పెద్దత్త వస్తోంది, ఆ ఇంట్లో కాపురం చేసింది ఆవిడే. రికార్డు చేసి, ఫోటోలతో కలిపి ఇక్కడే పెడతాను. పేర్లు తెలియనివి ఉంటే మీరు చెప్పాలి.