జీ4 (తీవ్రమైన భూ అయస్కాంత తుపాను) హెచ్చరిక వచ్చిన రోజు ఆర్‌టీకే (సెంటీమీటర్ స్థాయి జీపీఎస్) సర్వే ఆపాలా?

నల్లగొండ_రోవర్:
ఆపాలనే అంటాను. 2024 మే 10, 11 తేదీల జీ5 తుపానుకు అమెరికాలో మొక్కజొన్న విత్తే ట్రాక్టర్లకు ఆర్‌టీకే తప్పి విత్తడమే ఆగింది. మన కాల్వల వాలు 1:10,000 అంటే కిలోమీటరుకు 10 సెంటీమీటర్లే. రోవర్ (పొలంలో తిప్పే రిసీవర్) ఫిక్స్ (సెంటీమీటర్ల లెక్క) పోయి ఫ్లోట్‌లో (ముతక అంచనాలో) పడితే ఎత్తులో వచ్చే తేడా ఆ వాలునే మింగేస్తుంది.

పాలమూరు_కంట్రోల్:
అన్నా, అక్కడి లెక్క మనకు అతకది. ధ్రువాల కాడ తుపానుకు ప్లాస్మా (పై వాతావరణంల విద్యుదావేశమున్న వాయువు) ముద్దలు ముద్దలుగా పగటి వైపు నుంచి రాత్రి వైపుకు కొట్టుకపోతది, అరోరా కణాలు పైనుంచి పడ్తయ్. సిగ్నల్ ఫేజ్ (అల దశ) వణుకుతది, బలం అంతగా తగ్గది. జీపీఎస్ కక్ష్యల వాలు 55 డిగ్రీలు, అందుకే ధ్రువం మీద ఏ ఉపగ్రహమూ సుమారు 45 డిగ్రీల ఎత్తు దాటది. సిగ్నల్ ఏటవాలుగ రావాలె. మన బాధ వేరే: పొద్దుగూకినంక అర్ధరాత్రి దాక లేచే ప్లాస్మా బుడగలు. మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్‌ల తుపాను లేకున్నా వస్తయ్. సిగ్నల్ బలమే పడిపోయి లాక్ (రిసీవర్‌కు సిగ్నల్ మీదున్న పట్టు) ఊడ్తది. ఈ జీ స్థాయిలకు ఆధారమైన కేపీ సూచీ కట్టే 13 కేంద్రాలు 44–60 డిగ్రీల అయస్కాంత అక్షాంశాలవి. ఆ అంకె చూసి ఇక్కడ పని ఆపుడేంది?

అయనో_లెక్క:
కేపీ సంగతి నిజమే. కానీ ధ్రువం వైపు పుట్టిన విద్యుత్ క్షేత్రం నిమిషాల్లో భూమధ్యరేఖ దాకా చొచ్చుకొస్తుంది. మన సూర్యాస్తమయానికి అది తూర్పు దిశలో ఉంటే బుడగలు పెరుగుతాయి, పడమరగా ఉంటే ఆ రాత్రి పుట్టకపోనూవచ్చు. నమ్మబుద్ధి కాదు గానీ, అందుకే కొన్ని తుపాను రాత్రులు మామూలు రాత్రులకన్నా బాగుంటాయి. కేపీ బదులు చౌటుప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) అయస్కాంత కేంద్రం గీత చూడండి. హెచ్ విలువ (అయస్కాంత క్షేత్రంలో నేలకు సమాంతరంగా ఉండే భాగం) పడిపోతుంటే తుపాను ప్రధాన దశ నడుస్తున్నట్టు.

పగటి చిక్కు వేరు. ఒక టీఈసీ యూనిట్‌కు (సిగ్నల్ దారిలోని ఎలక్ట్రాన్ల కొలత) జీపీఎస్ ఎల్1 ఫ్రీక్వెన్సీలో 16 సెంటీమీటర్ల ఆలస్యం, ఎల్5లో దాదాపు 29. బేస్‌కూ (తెలిసిన పాయింట్ మీద నిలిపే రిసీవర్) రోవర్‌కూ ఒకేలా ఉంటే కొట్టుకుపోతుంది, తేడా ఉంటేనే ముప్పు. 2003 నవంబర్ 20న ఒహాయోలో ఆ తేడా కిలోమీటరుకు 400 మిల్లీమీటర్లు దాటింది.

నల్లగొండ_రోవర్:
రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ ఉంటే చాలదా సార్?

అయనో_లెక్క:
ఆలస్యం పోతుంది, లాక్ ఊడటం పోదు. పైగా ఎల్2, ఎల్5 తక్కువ ఫ్రీక్వెన్సీలు కాబట్టి బుడగల దెబ్బ వాటికే ఎక్కువ. రెండూ కలిపితే నాయిస్ మూడింతలవుతుంది. అందుకే బేస్ 5 కిలోమీటర్ల లోపు పెట్టండి. గ్లోనాస్, గెలీలియో, బైడూ ఉపగ్రహ వ్యవస్థలన్నీ తెరవండి. మాస్క్ (అంతకన్నా కిందున్న ఉపగ్రహాలను వదిలే కోణం) 15 డిగ్రీలు చాలు, ఇంకా పెంచితే ఉపగ్రహాలు తగ్గి ఎత్తే చెడుతుంది. గంటకోసారి ఎత్తు తెలిసిన బెంచ్‌మార్క్ మీద రోవర్ నిలబెట్టి, ఫిక్స్ తెంపి మళ్లీ పట్టించండి. రెండు ఎత్తులకూ తేడా 3 సెంటీమీటర్లు దాటితే ఆ గంట పాయింట్లు కొట్టేయాలి. రా డేటా మాత్రం దాచండి.

పాలమూరు_కంట్రోల్:
కంట్రోల్ పాయింట్ల స్టాటిక్ (రిసీవర్ కదలకుండ పెట్టి తీసే) పరిశీలన సాయంత్రం 6 లోపు ముగిస్తే నయం. అయినా 1:10,000 కాల్వ ఎత్తులు ఆర్‌టీకేతో ఎవరు తీయమన్నరు? ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు కొలిచే పరికరం) పెట్టి పోనీ.

నల్లగొండ_రోవర్:
20 కిలోమీటర్ల కాల్వకు, బిల్లు గడువు ముందున్నప్పుడు?

పాలమూరు_కంట్రోల్:
అంచులు, మలుపులు రోవర్‌తో తీయి. ఎల్-సెక్షన్‌కు (కాల్వ పొడవునా ఎత్తుల గీత) మాత్రం లెవెలే, తుపాను ఉన్నా లేకున్నా.