ద వేవ్‌కు రోజుకు 64 మంది: ఎక్కువా, తక్కువా?

ఫీనిక్స్ ఎండ: అరిజోనా, యూటా సరిహద్దులో అలల్లా వంపులు తిరిగిన రాతి చోటు ద వేవ్‌కు 2021 వరకు రోజుకు 20 మందినే పంపేవారు. ఆ ఫిబ్రవరి నుంచి 64 చేశారు. ఇప్పుడు ఇంకా పెంచాలని మన గ్రూపులో కొందరి వాదన. నేను ఒప్పుకోను. స్టేట్‌లైన్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసుకుని, తెల్లారగానే నడక మొదలయ్యే వైర్ పాస్ దగ్గర కారు పెట్టి నడిచాం. తీరా వెళ్లాక చూస్తే ఆ వంపుల చోటు ఫొటోల్లో కనిపించేంత పెద్దది కాదు. ఎవరో ఫొటో తీసుకుంటుంటే మిగతావాళ్లు పక్కకు తప్పుకోవాలి. అదంతా జురాసిక్ కాలపు నవాహో ఇసుకరాయి. పైకి పొడుచుకొచ్చిన పలచటి అంచుల మీద కాలు పడితే అప్పడంలా విరుగుతుంది. విరిగింది మళ్లీ అతకదు.

కృష్ణాతీరం: మీరు చూసొచ్చారు కాబట్టి తలుపు మూసేయమంటున్నారు, అంతేనా అన్నా? అది ప్రభుత్వ భూమి. పర్మిట్ లాటరీలోనే దొరుకుతుంది. నెలల ముందు తీసే లాటరీ తగలకపోయినా దరఖాస్తుకు కట్టిన 9 డాలర్లు వెనక్కి రావు. రోజువారీ లాటరీ ఇంకా అన్యాయం. కనాబ్, పేజ్ ఊళ్ల చుట్టుపక్కల ఉంటేనే ఫోన్లో దరఖాస్తు తీసుకుంటుంది, అదీ నడిచే రోజుకు రెండు రోజుల ముందు. సెలవులు లెక్కపెట్టుకునే మనలాంటి ఉద్యోగులు అక్కడ కాచుకుని కూర్చోగలరా?

డేరావాసి: ఇద్దరూ 64 అనే అంకె పట్టుకుని కొట్టుకుంటున్నారు. రూలు పూర్తిగా చదవండి. 64 మంది లేదా 16 బృందాలు, ఏది ముందు నిండితే అక్కడితో సరి. లాటరీలో వరసగా ఇద్దరిద్దరి జంటలే గెలిచాయనుకోండి, 32 మందితో ఆ రోజు కోటా అయిపోయినట్టే! రోజువారీ లాటరీకి మిగిలేది నాలుగు బృందాలే. మనుషుల సంఖ్య పెంచమని అడగడం దండగ. బృందాల పరిమితి తీసేసి తలలు లెక్కపెట్టమని అడగాలి. రాతి మీద పడే భారమూ 64 దాటదు, జంటలకూ అన్యాయం జరగదు.

ఫీనిక్స్ ఎండ: ఈ మాట బాగుంది. కానీ అక్కడ వేసిన దారి లేదు. పర్మిట్‌తో ఇచ్చే ఫొటోల కాగితం చూసుకుంటూ రానూపోనూ ఆరు మైళ్ల పైన నడవాలి. బృందాలు ఎక్కువైతే తలో దిక్కున అడుగులు పడతాయి. వెనక వచ్చేవాళ్లు ఆ తప్పు అడుగులే పట్టుకుని పోతారు.

కృష్ణాతీరం: నలుగురు ఎక్కువ తిరుగుతుంటే తప్పిపోయినవాడికి దారి చెప్పేవాడైనా దొరుకుతాడు కదా!

డేరావాసి: అక్కడి మండే ఎండకు ఆ లెక్కలు తెలియవు తమ్ముడూ. 2013 జూలై ఒక్క నెలలోనే ఆ నడకలో ముగ్గురు చనిపోయారు. లాటరీ తగిలితే, మళ్లీ దొరకదన్న బెంగతో మండుటెండలోనూ బయల్దేరతారు. నాకైతే కోటా కంటే ఇదే పెద్ద టెన్షన్. మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి, స్టేట్‌లైన్‌లో చుక్క నీరు దొరకదు. వాన పడితే అక్కడికి వెళ్లే హౌస్ రాక్ వ్యాలీ మట్టి రోడ్డు బురదైపోయి కారు కదలదు.

గోదారి గట్టు: మీ గొడవలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మేం అక్టోబర్‌లో వెళ్లాలనుకుంటున్నాం. ఎప్పుడు అప్లై చేయాలి?

డేరావాసి: నాలుగు నెలల ముందు, అంటే జూన్‌లో అక్కా. ఒకే దరఖాస్తులో మూడు తేదీలు ఇవ్వొచ్చు, బృందంలో ఆరుగురి దాకా ఉండొచ్చు. తగలకపోతే అదే వైర్ పాస్ నుంచి బక్‌స్కిన్ గల్చ్ ఇరుకు లోయలోకి పగటి నడకకు వెళ్లండి, దానికి లాటరీ లేదు. అయితే ఎక్కడో దూరంగా వాన పడినా లోయలోకి వరద వస్తుంది. ఫోర్‌కాస్ట్ చూడకుండా పిల్లల్ని దింపకండి.