గెంతే సాలీడు పెట్టెకు మూత ఎటువైపు ఉండాలి?

ప్రశ్న (కావలి నుంచి):
కిటికీ దగ్గర దొరికిన గెంతే సాలీడును పెంచుకుంటానని మా అబ్బాయి పట్టుబట్టగా, దానిని ఊరగాయ ప్లాస్టిక్ సీసాలో ఉంచి మూతకు సూదితో రంధ్రాలు పొడిచాము. అది ఆ మూత లోపలివైపునే తెల్లని గూడు అల్లుకున్నందువల్ల, మేత వేయడానికి మూత తీసిన ప్రతిసారీ గూడు చిరిగిపోతున్నది. ఈ ఎండల్లో దానిని ఎలాంటి పెట్టెలో ఉంచాలో, నీరు ఎలా అందించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఒంగోలు నుంచి):
మూత పైన ఉండటమే మీ ఇబ్బందికి కారణమండీ. ఈ జాతి సాలీళ్లు వల పన్ని కూర్చోకుండా పగటిపూట చూపుతోనే వేటాడతాయి. రాత్రి విశ్రమించడానికీ, కుబుసం విడవడానికీ, గుడ్లు పెట్టడానికీ మాత్రం పట్టుదారంతో సంచి వంటి గూడును వీలైనంత ఎత్తున కట్టుకుంటాయి. అందువల్ల తలుపు ముందువైపు గానీ అడుగున గానీ ఉండాలి. కొత్తది కొననక్కరలేదు, నూనె, ఉప్పు వాసన పోయేలా వేడినీళ్లతో కడిగిన సీసానే బోర్లించి, మూత కిందికి వచ్చేటట్టు నిలబెట్టవచ్చు. మన గోడల మీద తిరిగే రకాలు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి గనుక 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు చాలు. మరీ పెద్దదైతే వేసిన ఈగను వెదుక్కోవడమే దానికి కష్టమవుతుంది. లోపల ఏటవాలుగా ఒక సరుగుడు పుల్ల పెడితే ఎక్కి తిరుగుతుంది.

గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకు పోయేలా ఎదురెదురు గోడలకు సన్నని రంధ్రాలు చేయండి. వెలుతురు ఉండాలి గానీ నేరుగా ఎండ పడకూడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన వైపు, కిటికీలో పెట్టిన మూసిన డబ్బా కొద్దిసేపటికే సాలీడు ప్రాణం తీస్తుంది. నీటికి గిన్నె వద్దు. సాలీడు మీద పడకుండా ఒక గోడకు మాత్రం నీరు చిమ్మితే ఆ బిందువులనే తాగుతుంది. అక్టోబరు నుంచి వానలు పట్టినప్పుడు చిమ్మడం తగ్గించకపోతే బూజు పడుతుంది.

అన్నిటికంటె ముఖ్యంగా, ఆ గదిలో దోమల చక్రం వెలిగించవద్దు, ప్లగ్గుకు తగిలించే దోమల మందూ వాడవద్దు. నెల్లూరు జిల్లాలో ఈ మాట చెప్పడం తేలికే, పాటించడమే కష్టం. అయినా వాటిలోని పైరెత్రాయిడ్ మందులు సాలీళ్లకూ విషమే గనుక మీరు దోమతెరతో సరిపెట్టుకోవాలి.

కావలి నుంచి మళ్లీ:
కృతజ్ఞతలండీ. అయితే అది గూడు మూసుకుని బయటికి రావడమే మానేసింది. విప్పి చూడమంటారా?

ఒంగోలు నుంచి:
విప్పవద్దండీ. ఎదిగే వయసుదైతే కుబుసం విడవబోతూ ఉండవచ్చు, పెద్ద ఆడదైతే గుడ్లు పెట్టి ఉండవచ్చు. సీసాను బోర్లించే పని కూడా అది తనంతట తాను బయటికి వచ్చేదాకా ఆపండి. లోపల మిగిలిన పురుగులను, గూడు కదలకుండా తీయగలిగితే, తీసివేయండి; కుబుసం విడిచే వేళ మెత్తబడిన సాలీడును అవే కొరకవచ్చు. గోడకు నీరు చిమ్మడం మానవద్దు. బయటికి వచ్చాక ఒళ్లు గట్టిపడటానికి కొన్నాళ్లు ఆగి, దాని శరీరం కంటే చిన్నదైన ఈగను వేయండి. మాగిన అరటితొక్క దగ్గర ముసిరే చిన్న ఈగలైతే మేలు.