అప్‌డేట్: ఆసుపత్రి గోడచిత్రంలో రంగు ఊడే సమస్య తీరింది

పిల్లల ఆసుపత్రి ఓపీ వరండాలో చేర్యాల శైలిలో (తెలంగాణ సంప్రదాయ పటచిత్ర శైలి) నేను వేసిన గోడచిత్రంలో, చేతికందే ఎత్తున ఎర్రని నేపథ్యం జిగటగా మారి ఊడుతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చాలామంది అనుమానించిన చెమ్మ కారణం కాదు, తేమ మీటరుతో చూస్తే గోడ పొడిగానే ఉంది. శానిటైజర్ వల్లేనన్న వారి మాటే నిజమైంది: పెయింట్ నిపుణుడు స్పిరిట్‌లో తడిపిన దూదితో రుద్దగానే దూది ఎర్రబడింది, ఎందుకంటే స్పిరిట్‌లోనూ శానిటైజర్‌లోనూ ఉండే ఆల్కహాల్ అక్రిలిక్ రంగు పొరను మెత్తబరిచి కరిగిస్తుంది. దెబ్బతిన్న చోట తిరిగి రంగు వేసి, అది పూర్తిగా ఆరాక, ముందుగా విడి పలకపై పరీక్షించి చూసుకున్న, నీటి ఆధారిత రెండు భాగాల (వాడే ముందు రెండింటినీ కలిపే) పాలీయూరితేన్ క్లియర్ కోటు, అంటే రంగులేని రక్షణ పూత, రెండుసార్లు పూశాం. పసివాళ్లు రోజూ తడిమే ఏనుగు తొండం ఇప్పుడు చెక్కుచెదరకుండా ఉంది. శానిటైజర్ చేతులు తగిలే చోట మామూలు అక్రిలిక్ వార్నిష్ చాలదు.