తొమ్మిదో తరగతి రాత లక్ష్యాల్లో ‘తిరగరాయడం’ ఉండాలా, తప్పులు దిద్దితే చాలదా?

అనంతపురం తెలుగు ఉపాధ్యాయుడు (చర్చ మొదలుపెట్టినవారు):

మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి తెలుగు రాతలో సాధించవలసిన లక్ష్యాలను ఈ ఏడాది కొత్తగా రాసుకొమ్మన్నారు. పాత కాగితం తీసి చూస్తే “విద్యార్థులు స్పష్టంగా, సృజనాత్మకంగా, దోషరహితంగా రాయగలుగుతారు” అని ఒకే వాక్యం ఉంది. ఏడాది చివర ఎవరి నోటుబుక్కు తెరిచి, ఏ పేజీ చూసి ఇది నెరవేరిందని చెబుతామని అడిగితే స్టాఫ్ రూములో ఎవరూ బదులు పలకలేదు. దాని స్థానంలో నేను ప్రతిపాదించినది ఇది: ప్రతి విద్యార్థీ ఏడాదిలో నాలుగు రచనలు చేయాలి, ఒక్కొక్కదాన్ని రెండుసార్లు రాయాలి, రెండో ప్రతిలో కనీసం ఒకచోట విషయమే మారాలి. అక్షరదోషాల సవరణ ఈ మార్పు కిందికి రాదు. సహోపాధ్యాయుల్లో సగం మంది ఒప్పుకోలేదు.

నా మనసులో ఉన్న ఉదాహరణ చెబుతాను. రైతు కష్టాల మీద వ్యాసం రాయమంటే ఒక అమ్మాయి “రైతే దేశానికి వెన్నెముక” అని మొదలుపెట్టి, గైడులో ఉన్నది ఉన్నట్టు ఒకటిన్నర పేజీ దించింది. ఒక్క తప్పు లేదు. మీ చేనిలో బుడ్డలు (వేరుశనగ) పీకిన రోజు సంగతి రాయమ్మా అని ఆ కాగితాన్నే తిరిగి ఇచ్చాను. రెండో ప్రతిలో ఇలా ఉంది: “చెట్టు పీకితే నాలుగు కాయలే వచ్చినాయి. అవ్వ రెండు ఒలిచి చూసి లొట్టలని పారేసింది. నాయన ఏం మాట్లాడకుండ ఎద్దులను ఇప్పినాడు.” ఎర్ర సిరా పట్టుకుంటే ఇందులో మూడు నాలుగు చోట్ల గీత పెట్టవచ్చు. పాత లక్ష్యం ప్రకారం మొదటి కాగితానికే ఎక్కువ మార్కులు వేయవలసి వస్తుంది. నాకున్న అభ్యంతరమంతా అదే.

కర్నూలు విశ్రాంత ఉపాధ్యాయిని:

మూడో వాక్యం నాకూ నచ్చింది, సార్. కానీ ఆ అమ్మాయి రేపు పింఛను ఆగిపోయిందని అవ్వ తరఫున మండల కార్యాలయానికి అర్జీ రాయవలసి వస్తే, అక్కడి గుమాస్తా ఆమె చూపునూ మనసునూ చూడడు. ఒత్తు తప్పిన పదాన్ని చూసి చులకన చేస్తాడు. ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లలకు తప్పులు దిద్దేవాళ్లు ఇంట్లోనే ఉంటారు, లేని పిల్లలకు బడి ఒక్కటే దిక్కు. దోషరహితంగా రాయడాన్ని లక్ష్యాల్లో వెనక్కి నెడితే ముందుగా నష్టపోయేది మీరు ఎవరి కోసం వాదిస్తున్నారో ఆ పిల్లలే.

ఇక లెక్క చూడండి. మూడు సెక్షన్లు, సెక్షనుకు 40 మంది, రెండేసి ప్రతులు, మొత్తం 240 కాగితాలు. ఒక్కోదానికి మూడు నిమిషాలు పెట్టినా ఒక్క రచనకు 12 గంటలు. పాఠాలు ఎవరు చెబుతారు?

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి:

మా అబ్బాయి ‘బుడ్డలు’ అని రాస్తే కొట్టేసి పైన ‘వేరుశనగ’ అని రాశారు. అది తప్పు కింద లెక్కా, కాదా? లక్ష్యాలు రాసేవారు ముందుగా దీన్ని తేల్చాలని నా మనవి.

కడప శిక్షణ తరగతుల బోధకుడు:

తేల్చవలసిందే. ‘బాష’ అని రాస్తే తప్పు, ‘భాష’ ఒప్పు. ఇందులో వాదన లేదు. ‘వచ్చినాడు’ సంగతి అలా కాదు. మన పాఠ్యపుస్తకాల వచనం ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాటను అనుసరించింది కాబట్టి ‘వచ్చాడు’ ప్రమాణమైంది. మన సీమ పిల్లవాడు రాసే ‘వచ్చినాడు’ పాత గ్రాంథికంలోని ‘వచ్చినాఁడు’కు ఇంకా దగ్గర! దాని కింద ఎర్రగీత పెట్టడమంటే పిల్లవాడి యాసను అక్షరదోషంగా లెక్కకట్టడమే. అర్జీలో ‘వచ్చాడు’ అని, కథలో ‘వచ్చినాడు’ అని ఎంచుకొని రాయగలగడాన్ని లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

చదవడంలో లక్ష్యాన్ని అంకెల్లో పెట్టడం సులువు. మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ చెబుతుంది. రాతకు అలాంటి కొలబద్ద కుదరదు కాబట్టే మనం లెక్కకు దొరికే తప్పుల మీద పడతాము. 4 నుంచి 12 తరగతుల వరకు రాత బోధన మీద జరిగిన ప్రయోగాలను క్రోడీకరించి 2007లో గ్రాహం, పెరిన్ అనే అమెరికా పరిశోధకులు ఒక నివేదిక ఇచ్చారు. ప్రణాళిక వేసుకోవడం, రాసింది తిరగరాయడం పద్ధతిగా నేర్పితే రాత బాగా మెరుగుపడిందని, వ్యాకరణాన్ని విడిగా బోధిస్తే మెరుగుపడలేదని అందులో తేలింది.

కర్నూలు విశ్రాంత ఉపాధ్యాయిని:

అవి ఇంగ్లీషు రాతకు సంబంధించిన ప్రయోగాలు. గుణింతాలు, ఒత్తులు, శ–ష–స తేడాలు పట్టుబడని పిల్లవాడికి తెలుగులో ఆ ఫలితాలు అలాగే వర్తిస్తాయని నేను అనుకోను. యాస గురించి మీరన్నది మాత్రం ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు నేనూ ‘వచ్చినాడు’ కింద గీత పెట్టినదాన్నే.

అనంతపురం తెలుగు ఉపాధ్యాయుడు:

240 కాగితాల లెక్కకు నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మొదటి ప్రతిని నేను దిద్దను. పక్క బెంచీవాళ్లు చదివి, తమకు అర్థం కానిచోట కింద ఒక్క ప్రశ్న రాస్తారు. పోయిన వారం ఒకడు “ఎద్దులను ఎందుకు ఇప్పినాడు, పని అయిపోయిందా?” అని రాశాడు. నాకు తట్టని ప్రశ్న అది. రెండో ప్రతి మాత్రం నేను చూస్తాను.

మేడం గారి అర్జీ మాటను కాదనలేను. కాబట్టి లక్ష్యాన్ని ఇలా మార్చి రేపు మళ్లీ ముందు పెడుతున్నాను: నాలుగు రచనల్లో ఒకటి తప్పనిసరిగా ఒక కార్యాలయానికి రాసే అర్జీ, దానికి అక్షరదోషాలు లేని మూడో ప్రతి కూడా ఉంటుంది; మిగతా మూడింటిలో రెండో ప్రతికి విషయం మారిందా లేదా అన్నదే చూస్తాము. ‘బుడ్డలు’ ఎక్కడ రాసినా కొట్టేయము.

కర్నూలు విశ్రాంత ఉపాధ్యాయిని:

అర్జీలు ఒకటి కాదు, రెండు పెట్టండి.