‘మీద పడి’: ఎవరి మీద ఎవరు పడ్డట్టు?

సభ్యులకు నమస్కారం. పాత పత్రికల్లోని బొమ్మలకు తెలుగు శీర్షికలు రాసుకుంటూ ఒకచోట ఆగిపోయాను.

1864లో లండన్‌లో మొదలైన ‘ఇలస్ట్రేటెడ్ పోలీస్ న్యూస్’ అనే వారపత్రిక నేరాలతో పాటు, మామూలు మనుషులకు రోజువారీ పనుల్లో ఎదురైన వింత ప్రమాదాలను కూడా పెద్ద బొమ్మలుగా వేసేది. పత్రికల్లో ఫొటోలు అచ్చువేసే వీలు అప్పటికింకా లేదు గనుక, చిత్రకారుడు వార్తను బట్టి ఊహించి గీసినదాన్ని చెక్కదిమ్మ మీద చెక్కి ముద్రించేవారు. 1872 నాటి అలాంటి బొమ్మ ఒకదాని శీర్షిక ‘కిల్డ్ బై ఎ కాఫిన్’. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో శవపేటికను మోస్తున్న ఒకాయన కాలికి రాయి తగిలి తూలాడు; తోటివారు తమను తాము కాపాడుకోబోయి పట్టు వదిలేశారు; బరువంతా ఆయన మీద పడి దవడలు, పక్కటెముకలు విరగగా ఆయన తరువాత మరణించాడు.

మాటకు మాట పెడితే ‘శవపేటికచే చంపబడినవాడు’ అనాలి. అది తెలుగు కాదు. మనకు సహజంగా తోచేది ‘శవపేటిక మీద పడి మృతి’. చిక్కు ఇక్కడే ఉంది. ‘అన్నం తిని వెళ్లాడు’ అన్నప్పుడు తిన్నదీ వెళ్లినదీ ఒక్కడే. ‘తిని’, ‘పడి’ వంటి, వాక్యాన్ని ముగించని క్రియారూపానికి (క్త్వార్థకానికి) సాధారణంగా ఏకకర్తృకత్వమే, అంటే రెండు క్రియలకూ ఒకే కర్త ఉండటమే, నియమం. ఆ లెక్కన చూస్తే ఈ శీర్షికలో ఆయనే వెళ్లి శవపేటిక మీద పడ్డాడని అర్థం వస్తుంది. అయితే ‘వానలు కురిసి పంటలు పండాయి’, ‘పిడుగు పడి ఇద్దరు మృతి’ వంటి వాక్యాల్లో మొదటి క్రియ రెండోదానికి కారణమైనప్పుడు కర్తలు వేరైనా మనకు ఏ ఇబ్బందీ కలగదు. పిడుగు పడిందంటే మరో అర్థానికి తావు లేదు. ‘మీద’ వచ్చి చేరినప్పుడే, అది ముందున్న నామానికి చెందిందా, వెనుకనున్న క్రియకు చెందిందా అన్న సందేహం పుడుతుంది. ‘చెట్టు మీద పడి’ అన్నా ఇంతే.

మాట్లాడేటప్పుడు ఈ తేడాను విరామమే చెప్పేస్తుంది: ‘శవపేటిక’ దగ్గర ఆగితే పెట్టె పడింది, ‘మీద’ దగ్గర ఆగితే మనిషి పడ్డాడు. అచ్చులో మాటల మధ్య వదిలే ఖాళీయే ఆ పని చేయాలి. అందుకే మొదటి అర్థానికి ‘శవపేటిక మీదపడి’ అనీ, రెండోదానికి ‘శవపేటికమీద పడి’ అనీ రాయడం మేలని నా అభిప్రాయం. ‘పడటంతో’ అని మార్చినా సందేహం తీరదు, పైగా వాక్యం బరువెక్కుతుంది. ‘ప్రమాదవశాత్తు’ను కూడా చేర్చలేదు, సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు, ‘ప్రమాదో ధీమతామపి’ అనే మాటలో ఉన్నది ఆ అర్థమే, రాయి తగిలి తూలిన మనిషి మీద ఆ నింద మోపడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి ‘మోస్తున్న శవపేటిక మీదపడి మృతి’ అని రాశాను. ‘మోస్తున్న’ అన్న ఒక్క మాటతో పెట్టె భుజాల మీద ఉందని తెలుస్తుంది, ఇక ఆయన దాని మీద పడే ప్రసక్తి ఉండదు. మీ ప్రాంతాల్లో ఇలాంటిచోట ‘మీద’ను ముందుకు తెచ్చి ‘మీద పెట్టె పడి’ అనే వాడుక ఉంటే దయచేసి తెలియజేయండి.