అప్‌డేట్: యూదు మార్మికతలో ఆత్మార్పణ అంటే ప్రాణత్యాగమేనా? జవాబు దొరికింది

యూదు మార్మికులు చెప్పే సంపూర్ణ ఆత్మార్పణ ప్రాణత్యాగమేనా అని ఇక్కడ అడిగాను. సాయపడిన అందరికీ ధన్యవాదాలు.

దారి చూపింది నాక్మనిడీస్ వ్యాఖ్యానం చదవమన్న సలహాయే. 13వ శతాబ్దపు ఈ కబ్బాలా (యూదు మార్మిక సంప్రదాయం) పండితుడు బైబిల్లో పశుబలుల గురించి చెప్పే లేవీయకాండం మొదటి అధ్యాయాన్ని వివరిస్తూ, బలిపశువుపై చేయి ఉంచడం మన చేతలకు, పాపం ఒప్పుకోవడం మాటలకు, మూత్రపిండాలను, లోపలి అవయవాలను కాల్చడం ఆలోచనలకు, కోరికలకు సాటి అంటాడు. బలిపీఠంపై ప్రోక్షించే రక్తం నిజానికి తనదే కావలసిందని అర్పించేవాడు తలచుకోవాలి! చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక బలుల స్థానంలోకి ప్రార్థన వచ్చింది. హసీదులు (ఒక యూదు భక్తి ఉద్యమం వారు) అహం కరిగిపోవడాన్నే అర్పణగా ఎంచుతారని, దేవుడు ఒక్కడేనని చాటే ‘షెమా’ ప్రార్థన పఠిస్తూ ప్రాణమివ్వడానికైనా మనసులో సిద్ధపడతారని హీబ్రూ బోధించే ఒక ఆచార్యుడు వివరించారు.

అంటే ఈ ఆత్మార్పణ నిజంగా ప్రాణం తీసుకోవడం కాదు, మనసులో తనను తాను అర్పించుకోవడం.